ఆ ముప్పావుగంట ఎక్కడి నుంచి తేవాలి?

పోయిన నెల ఒకరోజు నాలుగో పీరియడ్ ముగించుకుని స్టాఫ్‌రూములోకి పోయేసరికి మా లెక్కల టీచరు బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. నాకంటే ఐదేళ్లు పెద్ద, అక్కా అనే పిలుస్తాను. పన్నెండేళ్లుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నాం, పగటిపూట కునుకు తీయగా ఎన్నడూ చూడలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెడితే ఉలిక్కిపడి లేచింది. "ఏం లేదులే. పొద్దన మూడుముక్కాలుకే లేస్తాండా గదా, ఈ టయానికి కండ్లు మూతలు పడతాయి" అనింది.

అంత పొద్దున లేవాల్సిన పని ఏమిటంటే, నడక. ఆరు నెలల కిందట షుగర్ బయటపడింది. మాత్రలు రాసి, చీటీ చివర 'రోజూ 45 నిమిషాలు నడక' అని రాసిచ్చారు. అక్క ఏడున్నరకు ఇల్లు వదలకపోతే బస్సు అందదు. అంతలోపల ముగ్గురికి క్యారియర్లు కట్టాలి, అత్తకు జావ కాయాలి, కొళాయి వచ్చే రోజైతే ఐదింటికల్లా డ్రమ్ములు నింపుకోవాలి. ఇవన్నీ పెట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ పోతే మూడుముక్కాలు తేలింది. ఆ వేళప్పుడు వీధి నిండా కుక్కలు. అందుకని మిద్దె మీదే, చీకట్లో, ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు తిరుగుతుంది. రాత్రి పడుకునేది పదకొండుకు. ఆరు నెలలు ఒక్కరోజు తప్పకుండా చేసింది. షుగర్ పెద్దగా దిగలేదు. బరువు రెండు కిలోలు పెరిగింది.

ఇదంతా చెప్పి, చివర్లో నోట్సు సర్దుకుంటూ అనింది: "అందరూ తగ్గుతాండారు, నేనే తగ్గలేకపోతాండా. నాకే మనసు గట్టిగా లేదేమో."

ఆ మాట నన్ను నెల రోజులుగా వదల్లేదు. ఆరు నెలల పాటు మూడుముక్కాలుకు లేచిన మనిషి మనసు గట్టిగా లేకపోవడమేమిటి? ఆమె చేసిన పొరపాటు ఒక్కటే. ఆ ముప్పావుగంటను తన నిద్రలోంచి తీసింది. తీయాల్సింది ఇంటిపనిలోంచి. వండి పెట్టే ఆడమనిషికి నడవమని చెప్పడమంటే, అదే నోటితో ఆ ఇంట్లో మిగతావాళ్లకు పొయ్యి దగ్గరికి పొమ్మని చెప్పడం కూడా. ఆ రెండో సగం ఎవరూ చెప్పడం లేదు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండో సగం కోసమే.

నిద్ర సంగతి ఊరికే అనడం లేదు. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని కబురు చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. ఐదు గంటలు కూడా పడుకోని మనిషి నడిచి సంపాదించుకున్నదాన్ని ఆ నిద్రలేమి ఆ పూటే లాగేసుకుంటుంది. పదకొండింటి విరామంలో అక్క బిస్కెట్ ప్యాకెట్ విప్పుకుంటుంది. దాన్ని ఆమె నోటి చాపల్యం అనుకుంటోంది. నిద్ర లేని ఒళ్లు అడిగే తిండి అది.

ఆయన నడక వెనక నా వంటగది

నా సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట నాకు 44. ఐదడుగుల రెండంగుళాల ఎత్తుకు 78 కిలోలు. జాకెట్ల కొలతలు తీసే టేపుతో నడుము చుట్టూ కొలుచుకుంటే 98 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లకు 80 దాటితేనే జాగ్రత్త పడమంటారు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ మనవాళ్లకు 25 దాటితే ఊబకాయమే. నాది 31 పైన. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. 6.5 వస్తే జబ్బే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందనీ, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడపలో నిలబడ్డారనీ లెక్క తేల్చింది. నేను ఆ గడపలో ఉన్నాను.

నాకూ అదే చీటీ వచ్చింది. మా ఇంట్లో నడక కొత్త కాదు. మా ఆయన తొమ్మిదేళ్లుగా ఐదున్నరకల్లా బూట్లు వేసుకుని మా అనంతపురం పీటీసీ (పోలీసు ట్రైనింగ్ కాలేజీ) గ్రౌండుకు పోతారు. స్నేహితులతో నాలుగైదు రౌండ్లు కొట్టి, దారిలో టీ తాగి ఏడింటికి వస్తారు. వచ్చేసరికి నీళ్లు కాగి ఉంటాయి, టిఫిను అయి ఉంటుంది, క్యారియర్ కట్టి ఉంటుంది. "నేను పోతాండా గదా, నువ్వూ పో. మనసుంటే మార్గముంటుంది" అనేవారు. నా మంచి కోరే అనేవారు, అందులో నాకేం అనుమానం లేదు.

చీటీ తెచ్చుకున్న రాత్రి, ఐదున్నర నుంచి ఏడు దాకా నేనేం చేస్తానో పాత నోటుబుక్కు అట్ట మీద రాశాను. పాలు కాచడం, పిండి తీసి ఇడ్లీ పెట్టడం, చట్నీ, కూరగాయలు తరగడం, పప్పు, అన్నం, కొళాయి, అత్తకు మాత్రలు, చిన్నదానికి జడ, క్యారియర్లు, వాకిలి. పదకొండు తేలాయి. పక్కన ఆయన పేరు రాసి, కింద 'నడక' అని రాశాను. ఆ అట్ట ఆయన ముందు పెట్టాను. గొడవ పడలేదు. చాలాసేపు చూసి, "ఇన్నుంటాయా" అన్నారు. తొమ్మిదేళ్లుగా ఆయన నడక నా వంటగదికి ఆనుకుని నిలబడిందని ఇద్దరికీ ఆ రాత్రే తెలిసింది. నాకు కూడా అంతకు ముందు తెలియదు. ఇల్లు అట్లా ఉంటుంది, అంతే అనుకునేదాన్ని.

మా ఇల్లొక్కటే ఇట్లా ఉందనుకోను. 2019లో కేంద్ర ప్రభుత్వం ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో దేశమంతా సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు ఆ పనికి పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. తేడా 202. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారం మొత్తానికి కావాల్సిన నడక కంటే, ఆ ఒక్కరోజు తేడాయే పెద్దది. సమయం ఎక్కడుందని అడిగేవాళ్లకు సమాధానం ఆ 202లో ఉంది.

మేం చేసుకున్న ఏర్పాటు ఇది. మంగళ, గురు, శనివారాలు పొద్దున నాది. సోమ, బుధ, శుక్రవారాలు ఆయనది. ఆదివారం ఇద్దరం కలిసి. నా రోజుల్లో కూరగాయలు తరిగేది మా పెద్దోడు, పొయ్యి దగ్గర ఆయన. ఆ గంట నాకు ఎవరూ ఫోన్ చేయకూడదు.

మొదటి మంగళవారం కాళ్లు గ్రౌండులో ఉన్నాయి గానీ చెవులు ఇంటి దగ్గరే. తిరిగొచ్చేసరికి మా వీధి మలుపు దాకా మాడు వాసన. వంకాయలు తరిగి నీళ్లలో వేయకుండా పళ్లెంలో పెట్టేశారు, ముక్కలన్నీ నల్లబడిపోయాయి. ఊరిబిండి, అంటే చెనక్కాయ పచ్చడి, కోసమని చెనక్కాయ విత్తనాలు పెద్ద మంట మీద వేయించి బొగ్గు చేశారు. ఆయన చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. నా చెయ్యి దానంతట అదే గరిటె వైపు పోయింది. దాన్ని అందుకోకుండా స్నానానికి పోవడం నాకు నాలుగు రౌండ్ల నడక కంటే కష్టమైంది. ఆ పొద్దు అందరం ఆ మాడు ఊరిబిండే వేసుకుని తిన్నాం. నేను ఆ గరిటె అందుకుని ఉంటే నా నడక ఆ రోజుతోనే సరి.

మూడో వారానికి ఆయనకు కిటుకు పట్టుబడింది. సన్నటి సెగ మీద పెట్టి కలుపుతూ ఉండాలి. పొట్టు చిట్లి, గింజ మీద అక్కడక్కడా గోధుమ రంగు చుక్కలు పడగానే దించాలి. బాణలి వేడికి ఇంకాస్త వేగుతాయి. దించి, పళ్లెంలో పోసి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేయాలి. ఇప్పుడు మా ఇంట్లో ఊరిబిండి ఆయన చేస్తేనే బాగుంటుందని పిల్లలంటారు, నిజమే.

"మేమేమన్నా నడిచినామా?"

మా అత్త మాతోనే ఉంటుంది. కొడుకు పొయ్యి దగ్గర నిలబడటం ఆమెకు మొదట నచ్చలేదు. "మేమేమన్నా వాకింగులు పోయినామా? సేద్యం చేసినాం, పిల్లోళ్లను సాకినాం. ఇంటి పని చేస్తే ఒళ్లు కదలదా ఏమి?" అనింది. ఆ మాట చాలామంది అంటారు. తేలిగ్గా తోసేయకూడని మాట.

మా అవ్వది కళ్యాణదుర్గం పక్క పల్లె. చెనక్కాయ చేన్లో పొద్దు పొడిచింది మొదలు వంగి కలుపు తీసేది. సద్దికి సంగటి ముద్ద, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. ఒంట్లో పిసరంత కొవ్వు ఉండేది కాదు. ఆ ముద్ద ఆ కష్టానికి సరిపోయిన తిండి. నేను కుర్చీలో కూర్చుని జీతం తెచ్చుకుంటున్నా, ఆ కొలతే నా పళ్లెంలోకి వచ్చింది. పైగా రాగుల చోట తెల్లన్నం వచ్చింది. అంతవరకు అత్తతో ఒప్పుకుంటాను. కానీ అవ్వ ఒంటిని ఆదర్శంగా చూపెట్టడం నాకు చేతకాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే నేల మీద చేసిన సేద్యం అది. అరవై నిండకముందే ఆమె నడుము వంగిపోయింది. చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేది. కూలి పనికి వారంలో విశ్రాంతి రోజు లేదు, నొప్పి వస్తే ఆగడం లేదు. ఒంటిని పెంచే కదలిక వేరు, అరగదీసే కదలిక వేరు.

ఇంటిపని సంగతి తేల్చుకుందామని ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోను నడుము దగ్గర దోపుకుని పని చేశాను. 7,200 అడుగులు చూపించింది. పదివేలు కాలేదని బాధపడలేదు. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మడానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. నేను చూసుకున్నది ఊపిరిని. మాట్లాడగలగాలి గానీ పాట పాడటానికి ఊపిరి చాలకూడదు, ఓ మోస్తరు వ్యాయామానికి గుర్తు అది. ఆ రోజు వంటింట్లో ఏ నిమిషమైనా నేను సుబ్బరంగా పాట పాడుకోగలను. ఊపిరి ఆడనిది తడిబట్టల బకెట్ మిద్దె మీదికి మోసినప్పుడు మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన కొత్త సూచనల్లో, ఒక దఫాకు పది నిమిషాలైనా చేస్తేనే వ్యాయామం అన్న పాత షరతును తీసేశారు. కాబట్టి ఆ మెట్లు కూడా జమలోకే వస్తాయి. మిగతాదంతా నిలబడి, వంగి, చేతులు ఆడించే పని. రాత్రికి మడమలు లాగుతాయి, నడుము పట్టేస్తుంది, గుండెకు మాత్రం పని పడదు. అలసిపోయాం కాబట్టి వ్యాయామం అయిపోయిందనుకోవడం దగ్గరే మనలో చాలామందిమి మోసపోతున్నాం.

ఎండ, చీకటి, గొలుసు

పొద్దున కుదరకపోతే ఇంకోపూట పోవచ్చు గదా అంటారు. మన అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది. సాయంత్రం ఏడైనా రోడ్డు, రాయి, గోడ అన్నీ వేడి కక్కుతూనే ఉంటాయి. అంటే ఎండాకాలం నడకకు ఉన్నది ఐదున్నర నుంచి ఆరుముక్కాలు దాకా. సరిగ్గా వంటగది నిండుగా ఉండే వేళ. చలికాలం ఇంకో తిప్పలు. జనవరిలో పొద్దు పొడిచేసరికి దాదాపు ఆరుముక్కాలు. అంతకు ముందు చీకట్లో మగవాళ్లు నిశ్చింతగా పోతారు. ఆడవాళ్లం ఎవరైనా తోడు వస్తే పోతాం. నాతో నడిచే ఇద్దరు ముగ్గురు మెడలో గొలుసు బీరువాలో పెట్టి, పసుపుతాడుతో వస్తారు. చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని చకచకా నడిచే పెద్దామె ఒకామె ఉంది, ఆమె వేగాన్ని ఇప్పటికీ అందుకోలేను.

పొద్దున పూట అసలు కుదరనివాళ్లకు రాత్రి అన్నం తిన్నాక పదిహేను నిమిషాలు నడవడం మంచి దారి. షుగర్ ఉన్నవాళ్లకైతే మరీ. కాలి కండరం కదులుతున్నంతసేపు ఇన్సులిన్ కోసం కాచుకోకుండా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, అన్నం తిన్నాక పైకి లేచే షుగర్ అంత ఎత్తుకు పోదు. నేను సోమ, బుధ, శుక్రవారాలు అదే చేస్తాను. కానీ తిన్న వెంటనే చెప్పులేసుకుని బయటికి పోతే సింకులో అంట్లు ఎవరు చూడాలి? పొద్దున అడిగిన ప్రశ్నే రాత్రి కూడా ఎదురొచ్చింది. ఆ మూడు రాత్రులు అంట్లు పెద్దోడివి.

బరువు సంగతి

ఇన్ని చెప్పాను గానీ, నడిస్తే బరువు తగ్గుతుందా? నడక ఒక్కదానితో పెద్దగా తగ్గదు. ఈ మాట దాచి ఆశ పెట్టడం అన్యాయం. మొదటి మూడు నెలల్లో నేను తగ్గింది కిలోన్నర. గ్రౌండులో చెమట ధారలు కట్టేలా నడిచి కిలోన్నర! అప్పుడు కూర్చుని లెక్క వేశాను. నా బరువుకు 45 నిమిషాల చురుకైన నడకకు ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. ఒక కిలో కొవ్వులో ఉండేవి సుమారు 7,700. తిండి ఏమీ మారకుండా, అదనంగా ఒక ముద్ద కూడా తినకుండా నడిచినా కిలోకు ముప్పై ఎనిమిది నడకలు కావాలి. ఇంటికి వచ్చే దారిలో ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తింటే ఆ పూట నడిచినదంతా పోయి ఇంకా బాకీ పడతాం.

బరువు కదలాలంటే పళ్లెం కదలాలి. నా పళ్లెం గురించి ఆలోచిస్తే, నేను భోజనం దగ్గర ఎక్కువ తినడం లేదు. అందరూ తిన్నాక తింటున్నాను. గిన్నెలో గరిటెడు పప్పు, రెండు గరిటెల అన్నం మిగిలితే ఫ్రిజ్జులో పెట్టడానికి అంత లేదు, పారేయడానికి చేయి రాదు. అవి నా పళ్లెంలోకి వచ్చేవి. చిన్నది సగం వదిలేసిన దోశ నాదే. రాత్రి పదింటికి, కడుపు నిండాక, గిన్నెలు ఖాళీ చేయడానికి తినే తిండి అది. మన ఇళ్లలో ఎంతమంది అమ్మలు ఇట్లా గిన్నెలు ఖాళీ చేస్తూ లావెక్కుతున్నారో ఎవరూ కొలిచి ఉండరు.

ఇక్కడ కూడా పని పంచుకోవడమే అక్కరకొచ్చింది. వారంలో మూడు పూటలు ఆయన వండటం మొదలుపెట్టాక, బియ్యం ఎన్ని పోయాలో, ఎంత మిగులుతుందో ఆయనకు కంటికి ఆనింది. నలుగురు పెద్దవాళ్లం, ఒక చిన్నపిల్ల. రాత్రికి నాలుగు గ్లాసుల బియ్యం పోసేవాళ్లం, ఇప్పుడు రెండున్నర. అందరం ఎనిమిదిలోపు ఒకేసారి కూర్చుంటున్నాం. మిగిలితే ఎవరిది వాళ్లే చూసుకోవాలి. నెలకు ఐదు లీటర్ల నూనె పోయే ఇంట్లో మూడున్నరకు వచ్చింది. నా ఒక్కదాని డైటింగు అయ్యుంటే పది రోజుల్లో మానేసేదాన్ని. ఒకే పొయ్యి మీద నాకో వంట, వాళ్లకో వంట చేసే ఓపిక ఏ ఆడమనిషికి ఉంటుంది?

రెండేళ్లకు 71 కిలోలు. ఎనిమిది నెలలుగా అక్కడే ఆగింది. నడుము 98 నుంచి 88కి వచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.8. ఇంకా గడప పూర్తిగా దాటి వెనక్కి రాలేదు, కానీ లోపలికైతే పోలేదు. బరువు ఆగిపోయాక నడక మానేద్దామా అని ఒక వారం ఊగిసలాడాను కూడా. మానకపోవడానికి కారణం మోకాళ్లు. నడకకు తోడు ఇంకో రెండు పనులు పెట్టుకున్నాను. బెంచీ మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, పన్నెండు సార్లు, కాసేపు ఆగి మళ్లీ పన్నెండు. ఐదు కిలోల రాగుల సంచి నేల మీంచి ఎత్తి దించడం. వారానికి రెండు రోజులు చేస్తాను. నలభై దాటాక కండ కరిగిపోతూ ఉంటుంది, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే నడక చాలదు, బరువు ఎత్తాలి. ఇప్పుడు మూడో అంతస్తులో ఉన్న తొమ్మిదో తరగతికి రైలింగ్ పట్టుకోకుండా ఎక్కుతాను.

ఆదివారాలు బుక్కరాయసముద్రం పోతాం, దేవరకొండకు. కొండమీదరాయుడి గుడి దాకా ఎక్కడం మొదటిసారి నాకు పెద్ద పరీక్ష. నాలుగు చోట్ల బండల మీద కూలబడ్డాను, ఆయన ముందుకు పోకుండా నాతోనే ఆగారు. ఇప్పుడు ఒక్కచోట ఆగుతాను, అదీ చూడటానికి. కింద చెరువు, గట్టు వెంట మేకల మంద, అవతల మసక మసకగా అనంతపురం. రాత్రంతా చల్లబడిన బండ మీద అరికాళ్లు పెడితే పాదం నుంచి మోకాలి దాకా చల్లదనం పాకుతుంది. పదేళ్ల పాటు ఆ కొండను బస్సు కిటికీలోంచి చూశాను, ఎక్కొచ్చని తోచలేదు.

పనికొచ్చే అమ్మాయి అడిగింది

నా వాదనకు పెద్ద దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. అంట్లకు, గుడ్డలకు ఒక అమ్మాయి వస్తుంది; నాలుగిళ్లలో చేస్తుంది. ఏర్పాటు మొదలైన కొత్తలో, పొద్దున హడావిడి తగ్గుతుందని ఆమెను గంట ముందు రమ్మన్నాను, డబ్బు కూడా పెంచుతానన్నాను. "వస్తా గానీ అక్కా, మా ఇంట్లో పిల్లోళ్లకు ఎవరు చేయాల?" అనింది. ఎదురు మాట కాదు, నిజంగానే అడిగింది.

నాకు నోట మాట రాలేదు. నా నిద్రలోంచి తీయకూడదని పట్టుబట్టిన గంటను ఆమె నిద్రలోంచి తీయబోయాను. ఇద్దరు ఆడవాళ్ల మధ్య చేతులు మారితే అది పంపకం కాదు, తోసేయడం. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆమెకూ షుగర్ ఉంది, ఆమెకూ నడవమని రాసిచ్చారు. "నాలుగిండ్లు తిరుగుతాండా, ఇంకేం నడక?" అంటుంది. ఆమె మొగుడు బెంగళూరులో బిల్డింగు పనికి పోయి నెలకోసారి వస్తాడు. ఇంట్లో చేతులు మార్చుకోవడానికి ఇంకో జత చేతులే లేవు. నా అభిప్రాయం ఆమె దగ్గర పనిచేయదని ఒప్పుకుంటున్నాను. ఒంటరిగా పిల్లలను సాకేవాళ్లకు, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే పనికి పోయేవాళ్లకు కూడా పనిచేయదు. వాళ్లకు కావాల్సింది కూలి తెగకుండా ఒక సెలవు రోజు, ఇంటి దగ్గర్లో రాత్రి ఎనిమిది దాకా లైట్లు వెలిగే చిన్న గ్రౌండు. నా చేతిలో ఉన్నంతవరకు ఆమెకు వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఇస్తున్నాను, ఆ రోజు అంట్లు మావే. మిగతా మూడిళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఆ రోజు ఆమె నడుస్తుందా, పడుకుంటుందా అని నేను అడగను.

అయితే ఆమె పేరు చెప్పి మిగతా ఇళ్లను వదిలిపెట్టడం కుదరదు. ఉద్యోగం చేసే భర్త, చదువుకునే పిల్లలు, నాలుగు జతల చేతులు ఉన్న ఇళ్లు మన కాలనీల నిండా ఉన్నాయి. అక్క ఇల్లు అలాంటిదే. డాక్టర్లకు నాదొక విన్నపం. ఆడవాళ్లకు నడక రాసేటప్పుడు భర్తనో, కొడుకునో లోపలికి పిలిచి, వాళ్ల ముందు రాయండి. 'ఈమె నడిచేటప్పుడు వంట ఎవరిది?' అని ఒక్క మాట అడగండి. మాత్ర పరగడుపున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అని చెప్పినట్టే అది కూడా చెప్పండి. ఇంట్లో మేం చెబితే గొడవ అవుతుంది. మీ నోటి నుంచి వస్తే మందు అవుతుంది.

రెండు వారాల కిందట అక్క వాళ్లింటికి పోయాను. ఆ పాత నోటుబుక్కు అట్ట వెంట తీసుకుపోయి బావ ముందు పెట్టాను. ఆయన మంచి మనిషే. "మూడుముక్కాలుకు లేస్తాందని నాకు తెలీదమ్మా, నేను నిద్రలో ఉంటా గదా" అన్నాడు. అక్క వంటింటి గడపలో నిలబడి నేల చూస్తోంది. వాళ్లబ్బాయి బీటెక్ మూడో ఏడు, తనకు అన్నం, పప్పు వచ్చన్నాడు, హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్నాడట. అది అక్కకే తెలియదు.

ఇప్పుడు ఆమె ఐదుంబావుకు లేస్తోంది. వారానికి మూడు రోజులు నాతో గ్రౌండుకు వస్తుంది. షుగర్ పరీక్ష వచ్చే నెలాఖరుకు ఉంది, ఏం వస్తుందో చూడాలి. స్టాఫ్‌రూములో పడుకోవడం మాత్రం ఆగింది. మొన్న శనివారం రెండో రౌండులో ఫోను మోగింది. "పోపుల పెట్టె పక్కనే, ఎడమ చేతి డబ్బా" అని చెప్పి పెట్టేసింది. మూడో రౌండులో మళ్లీ మోగింది, చింతపండు. నాలుగో రౌండు మొదలుపెట్టే ముందు ఆమె ఫోను తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. అక్క ఒకసారి సంచి వైపు చూసి, కొంగు దోపుకుని, నాకంటే ముందు నడిచింది.